అభినందనము - విభక్తివిచారము

ఒకరి యభ్యుదయమునకు మన సంతోషమును దెలుపుటకు నేఁడు సర్వత్ర వాడఁబడుచున్న పదము అభినందనము. "మీకు అభినందనములు" అని విద్యార్థి వ్రాసిన వాక్యమును గొందఱు పండితులు దిద్దుచుందురు. అభినందించుట సకర్మకక్రియ గదా, "మిమ్ము నభినందించుచున్నాను" అనవలెనే కాని "మీకు" అనుట నమస్కారశబ్దమును జూచి పెట్టుకొన్న వాత యని వారి యాక్షేపము.

క్రియవిషయమున వారి మాట సత్యము. నందధాతువునకు ధాతుపాఠమున సమృద్ధి యర్థము. అభ్యుపసర్గ చేరఁగా నొక వస్తువున కభిముఖమై సంతోషించుట, మెచ్చుట, కోరుట యను నర్థములు గలిగి ధాతువు సకర్మక మగుచున్నది. కాని అభినందనము క్రియ గాదు, కృదంతము. కృద్యోగమునఁ గర్తకును గర్మకును షష్ఠి వచ్చునని పాణిని (2.3.65) శాసించెను. కావున సంస్కృతమున గురుశబ్దమును షష్ఠిలో నిలిపి యభినందన మన్నచో, గురు వభినందించెనో, గురువు నభినందించిరో ప్రకరణమే చెప్పవలెను.

తెలుఁగున నీ చిక్కు లేదు. "మీ యభినందనములు అందినవి" అన్నచో మీరు పంపినవి. "మీకు అభినందనములు" అన్నచో మేము పంపునవి. ఇంతకును నీ కువర్ణకమును జతుర్థి యని భ్రమించుటయే యాక్షేపమునకు మూలము. 1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ జిన్నయసూరి కి, కు వర్ణకములను షష్ఠియందే పఠించెను. చతుర్థికిఁ గొఱకు, కై యనునవి. అనఁగా "మీకు" అనునది పాణిని విధించిన షష్ఠియే. సంస్కృతము కర్తకును గర్మకును నొక్కరూపముతో సరిపెట్టుకొనఁగా, తెలుఁగు తన షష్ఠిలోని రెండురూపములను రెంటికిఁ బంచిపెట్టినది. ఈ వాడుక నమస్కారసాదృశ్యముననే పుట్టిన దన్నను హాని లేదు. వ్యాకరణము దానిని నిరాకరింపదు. బడిపిల్లవాని వాక్యమున కిఁక నెఱ్ఱసిరా యేల?

దిద్దవలసినది మఱియొకటి కలదు. నూతనసంవత్సరమునకుఁ గూడ అభినందనములే పంపుచున్నారు. సిద్ధించిన శుభమున కభినందనము. రాఁబోవు శుభమునకు శుభాకాంక్ష. మనుస్మృతి యాఱవ యధ్యాయమున యతి మరణమును గాని జీవితమును గాని యభినందింపరా దని యున్నది, అచ్చటఁ గోరికయే యర్థము గదా యని యొక సమాధానము రావచ్చును. అది తనకుఁ గావలసినదానిని గోరుట. పరునకు మేలు గోరుట గాదు. భగవద్గీత రెండవ యధ్యాయమున స్థితప్రజ్ఞుఁడు శుభము లభించినప్పు డభినందింపఁ డనుచోట నర్థము స్పష్టతరము. లభించినదానికే యభినందనము.

"అభినందనలు" అను రూపము ప్రార్థన, వేదన మొదలగు స్త్రీలింగశబ్దముల వరుసలోఁ బడినది. మూలశబ్దము నపుంసకము గనుక "అభినందనములు" అనుట మేలు. వార్తాపత్రికలు మొదటిదానిని విడుచునన్న యాశ మాత్రము నాకు లేదు.