వేసవి టమాటాకు నేల తయారీ

కలకడ, మదనపల్లె వైపు వేసవి టమాటా నారు సంక్రాంతి దాటాక మడిలో దిగుతుంది. నేల పని మాత్రం కార్తీకంలోనే మొదలుకావాలి. ఇక్కడివి ఎక్కువగా ఎర్ర గరప నేలలు. నీరు తొందరగా ఇంకిపోతుంది, దానితోపాటు నత్రజనీ కిందికి దిగిపోతుంది. ఆ రెంటినీ పట్టి ఉంచేది సేంద్రియ కర్బనం. అది అర శాతం కూడా లేని నేలను బీద నేలగా లెక్కిస్తారు.

ఈశాన్య రుతుపవనాల తడి ఉండగానే జనుమో అలసందో ఒత్తుగా చల్లి, సుమారు 45 రోజులకు, పూత మొదలవుతుండగా కలియదున్నాలి. ముదరనిస్తే కాండం నారగట్టి ఓ పట్టాన చివకదు. దున్నిన వెంటనే నాటకూడదు. పచ్చిరొట్ట కుళ్లే రోజుల్లో నారుకుళ్లు బూజులు పెరిగి లేత వేళ్లను పట్టుకుంటాయి. రెండు మూడు వారాలు ఆగాలి.

ఆ తర్వాత దిబ్బెరువు. ఎకరాకు 8 నుంచి 10 టన్నులు, పెరట్లో అయితే సెంటుకు 80 నుంచి 100 కిలోలు. మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు, తడి మట్టి వాసన వస్తుంది. గుప్పెడు తీసి నలిపితే పొడిపొడిగా రాలుతుంది, గడ్డిపోచ కనబడదు. కుప్ప లోపలికి చెయ్యి పెడితే వేడి తగలదు. పచ్చి పేడ తోలితే చెదలు, వేరుపురుగు, కలుపు విత్తనాలు వెంట వస్తాయి. పశువులు లేనివారికి గొర్రెల మంద కట్టించడం పాత దారి. పెంటికలూ మూత్రమూ నేరుగా నేలకే చేరే ఈ పద్ధతిని వదులుకోకూడదు.

ఎండుతెగులు భయం ఉన్నచోట 90 కిలోల మాగిన ఎరువులో 10 కిలోల వేపపిండి, తెగులు బూజులను అణిచే మేలు బూజు ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు కలిపి, నీడలో తడి గోనెపట్టా కప్పి, వారం పది రోజుల తర్వాత చల్లుతారు.

రైతు సాధికార సంస్థ 2016లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం చేపట్టాక జీవామృతం ఊరూరా తెలిసింది. 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, బెల్లం, పప్పుల పిండి 2 కిలోల చొప్పున, వీటితోపాటు ఆవు మూత్రం, గుప్పెడు గట్టుమట్టి. ఇది సూక్ష్మజీవులను పెంచుతుంది గానీ ఎరువుకు బదులు కాదు. వట్టి నేల మీద పోస్తే వాటికి మేత ఉండదు.

చివరగా నిరుటి పంటను గుర్తుచేసుకోవాలి. వంగ, మిరప, టమాటా ఒకే కుటుంబం, ఒకదాని చీడలు మరొకదానికి పాకుతాయి. పాత మొక్క పీకినప్పుడు వేళ్ల మీద బుడిపెలు కనబడితే నేలలో నులిపురుగు ఉన్నట్టే. ఎంత ఎరువు వేసినా ఆ మడిలో ఈ ఏడు టమాటా నాటొద్దు, బంతి వేయండి.