ఆదివారముల లెక్క

మా పెరటి గదిలో ఒక కంప్యూటరు రాత్రులందు మూలుగుచుండును. "ఏమండీ, దీనికేమైనా జబ్బా? తెల్లవార్లూ ఆయాసపడుతోంది" అని మా ఇంటావిడ మొదట్లో అడిగెడిది, ఇప్పుడు అడుగుట మానినది గాని, కరెంటు బిల్లు వచ్చిననాడు మాత్రము దానిని నా కాఫీ గ్లాసు క్రింద పెట్టి మాటాడక పోవును. ఆ యంత్రము చేయుచున్న పని మెర్సెన్ సంఖ్యలకు కారణాంకములు వెదకుట. ఒక ప్రధాన సంఖ్యను తీసికొని, అన్ని రెండ్లను ఒకదానితో నొకటి హెచ్చించి, వచ్చిన లబ్ధములోనుండి ఒకటి తీసివేయగా మిగులునదే మెర్సెన్ సంఖ్య. 3, 5, 7 అను ఘాతములకు వరుసగా 7, 31, 127 అను ప్రధాన సంఖ్యలే వచ్చి మనలను నమ్మించి, 11 దగ్గరకు రాగానే 2047 అనునది 23ను 89తో హెచ్చించిన ఫలముగా తేలి ఆ నమ్మకమును భగ్నము చేయును.

పారిస్‌లో మఠవాసియైన మారిన్ మెర్సెన్ 1644లో, 257 వరకు ఏయే ఘాతములకు ప్రధాన సంఖ్యలు వచ్చునో ఒక పట్టికను ప్రకటించెను. అందులో 67, 257 చేరకూడనివి చేరినవి. 61, 89, 107 చేరవలసినవి చేరలేదు. ఐదు తప్పులు చేసిన వాని పేరే ఆ సంఖ్యలకు శాశ్వతముగా నిలిచినదనగా, తప్పు చేయుటకు జంకువారు కొంత ధైర్యము తెచ్చుకొనవచ్చును. ఘాతము 67 గల సంఖ్య ప్రధానము కాదని 1876లో లూకాస్ నిరూపించెను గాని, దాని కారణాంకము ఒక్కటియు ఆయన చూపలేదు. ఇంటిలో దొంగ ఉన్నాడని రూఢిగా తెలిసియు ఏ గదిలోనున్నాడో తెలియని స్థితి అది. 1903లో న్యూయార్కు గణితసభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్, ఒక్క మాటయైన పలుకక, నల్లబల్లపై ఒకవైపు ఆ సంఖ్యను కట్టి, వేరొకవైపు 193707721ని 761838257287తో హెచ్చించి, రెండును సరిపోగానే సుద్దముక్క దించి కూర్చుండెనని చెప్పుదురు. ఎంత కాలము పట్టినదని అడుగగా, మూడేండ్ల ఆదివారములని ఆయన అనెనట.

మా పనిలోని సొగసంతయు వెదకవలసినచోటును కుదించుకొనుటయందున్నది. ఇట్టి సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య ఏదైనను, ఘాతమునకు రెట్టింపుయొక్క ఏదో ఒక గుణిజమునకు ఒకటి కలిపినదై యుండవలెను. అంతేకాక, ఎనిమిదితో భాగింపగా శేషము 1గానో 7గానో రావలెను. ఘాతము 37 అనుకొనుడు: 75, 149, 223 అని వరుసగా అభ్యర్థులు వత్తురు; శేషము చూచి మొదటి రెంటిని గడపలోనే త్రిప్పి పంపివేయగా, మూడవదియైన 223 నిజముగానే భాగించును. 1640లో ఫెర్మా కనుగొనినది దానినే. ఇంకను విచిత్రమేమనగా, పరీక్షించుటకు ఆ మహాసంఖ్యను వ్రాయనే అక్కరలేదు. అభ్యర్థితో భాగింపగా మిగులు శేషమును మాత్రమే ఉంచుకొని, దానిని వర్గము చేయుచు, అవసరమైనచోట రెట్టించుచు పోయినచో, ఘాతము తొమ్మిది అంకెలదైనను ముప్పదికి మించని మెట్లలో అభ్యర్థి నిగ్గు తేలును. కాగితముపై వ్రాసినచో నాలుగు కోట్ల అంకెలు పట్టు సంఖ్యను పట్టుమని ముప్పది వర్గములతో పరీక్షించుట చూచి నేను మొదటిసారి నిజముగా లేచి నిలుచుంటిని.

1996లో జార్జ్ వోల్ట్‌మన్ ఆరంభించిన గింప్స్ అను ఉద్యమములో ఇట్టి ఇంటి కంప్యూటర్లు ప్రపంచమంతట చేరియున్నవి. అందరును కోరునది ప్రధాన సంఖ్యను. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరాంట్‌కు ఘాతము 136279841 గలది చిక్కినది, 41024320 అంకెలది. కారణాంకముల వేటగాండ్రమైన మేము మాత్రము, దీర్ఘమైన ప్రధానత్వ పరీక్షకు పోకమునుపే అభ్యర్థులను తొలగించువారము. పెండ్లిచూపులకు ముందుగా ఆరా తీసి వచ్చు మేనమామల వంటివారము. రెండు డెబ్బదవ ఘాతము మొదలు డెబ్బదియొకటవ ఘాతము వరకు వెదకినచో కారణాంకము చిక్కు అవకాశము సుమారు డెబ్బదింట ఒకటి. తక్కినవన్నియు "కారణాంకము లేదు" అను ఒక్క పంక్తి. ఆ పంక్తిని సర్వరునకు పంపుటయే మా వృత్తి. పంపనిచో మరియొకడు అదే మడిని మరల దున్నవలసి వచ్చును. చిక్కినదానిని ఎవరైనను క్షణములో భాగించి సరిచూచుకొనగలరు. లేదని పంపినదానికి మాత్రము నా యంత్రము మాటయే సాక్ష్యము. అందువలన, దొరికినది పంపునప్పటికంటె లేదని పంపునప్పుడే నాకు చేయి వణకును.

ఈ మధ్య చిన్నదానిపై మనసు పోయినది. ఘాతము 1277 గల సంఖ్యకు అంకెలు 385 మాత్రమే, ఒక పోస్టుకార్డుపై వ్రాయవచ్చును. అది ప్రధానము కాదని తెలియును, కారణాంకము ఒక్కటియు ఇంతవరకు తెలియదు. దానికి దీర్ఘవృత్తీయ వక్రముల పద్ధతి పట్టితిని. ఒక్కొక్క వక్రము ఒక్కొక్క వల, చేప పడునో పడదో వలకే తెలియదు. ఈ వారము నలుబది వక్రములు ముగిసినవి, ఏమియు పడలేదు. వేసవి గనుక పగలు ఆపివేసి, రాత్రి తొమ్మిదింటికి మరల వేయుచున్నాను.