స్ప్రింగ్‌కి దారి పుస్తకంలోంచే

జావా వచ్చు, ఇక స్ప్రింగ్ నేర్చుకోవాలి అంటూ వచ్చే పిల్లలకు నేను ముందు పుస్తకమే కొనమంటాను. ఆ ఫ్రేమ్‌వర్క్ పుట్టిందే ఒక పుస్తకంలోంచి. 2002లో రాడ్ జాన్సన్ జె2ఈఈ మీద ఓ లావుపాటి పుస్తకం రాశారు. దానికి జోడించిన కోడే సుమారు 30 వేల లైన్లు. యూర్గెన్ హోలర్, యాన్ కారోఫ్ అనే ఇద్దరు పాఠకులు దాన్ని ఓపెన్ సోర్స్ చేద్దామని ఆయన్ని ఒప్పించారు. 2004 మార్చిలో స్ప్రింగ్ 1.0 విడుదలైంది.

అమీర్‌పేట క్లాసు నోట్స్ జిరాక్సులు చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఎంతోమంది. ఆ నోట్స్‌ని నేను చిన్నచూపు చూడను. కానీ ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు తెలియడం వేరు, స్ప్రింగ్ మన వెనకాల ఏం చేస్తోందో తెలియడం వేరు. దీన్లో అసలు కష్టమంతా అక్కడే ఉంది. మనం రాయని పనులు జరిగిపోతుంటాయి, ఎవరు చేస్తున్నారో కోడ్‌లో కనపడదు.

ఒక్క సంగతి చూడండి. ఖాతా నుంచి ఖాతాకు డబ్బు మార్చే మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అని పెట్టాం. వేరే క్లాసు నుంచి పిలిచినప్పుడు మధ్యలో రన్‌టైమ్ ఎక్సెప్షన్ వస్తే తీసిన డబ్బు తిరిగి మొదటి ఖాతాలోనే ఉంటుంది. అదే మెథడ్‌ని ఆ క్లాసులోనే ఉన్న మామూలు మెథడ్ పిలిచిందనుకోండి, ట్రాన్సాక్షన్ మొదలే కాదు. అప్పుడు మధ్యలో ఎక్సెప్షన్ వస్తే ఒక ఖాతాలో డబ్బు తగ్గుతుంది, రెండోదాంట్లో పెరగదు. ఎర్రర్ మెసేజ్ చూస్తే ఈ కారణం తెలియదు. మామూలుగా స్ప్రింగ్ మన ఆబ్జెక్టుకు ముందు ఒక ప్రాక్సీని నిలబెడుతుంది, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేది అదే. లోపల్లోపల పిలుచుకుంటే ఆ కాల్ ప్రాక్సీ దాకా పోదు.

వీడియోలో ఇది రెండు నిమిషాల చిట్కా. మంచి పుస్తకంలో అయితే ముందు డిపెండెన్సీ ఇంజెక్షన్, తర్వాత ప్రాక్సీ, ఆ తర్వాతే ట్రాన్సాక్షన్ వస్తాయి. ఆ వరసలో చదివినవాడికి ఈ చిక్కు ఎవరూ చెప్పక్కర్లేదు, తనకే తడుతుంది. అందుకే అధ్యాయాలు దాటేయొద్దంటాను. కోడ్ కాపీ కొట్టకుండా చేత్తో టైపు చేయాలి. నడిచాక ఒక యానొటేషన్ తీసేసి మళ్లీ నడపాలి. స్క్రీన్ నిండా ఎర్రర్ పడితే కంగారొద్దు, అడుగునున్న ‘కాజ్డ్ బై’ దగ్గర్నుంచి పైకి చదవండి.

పుస్తకం పాతబడుతుందన్న మాట నిజమే. 2022లో స్ప్రింగ్ 6తో జావాఎక్స్ పేర్లు చాలావరకు జకార్తాగా మారాయి, పాత ఇంపోర్టులు కంపైల్ కావు. వాటిని మార్చుకోవడం ఒక పూట పని. కోఠిలో పాత ఎడిషన్ చవగ్గా దొరికితే తీసుకోండి. ఎక్స్ఎమ్ఎల్ అధ్యాయాలు పైపైన చూసినా చాలు, ప్రాక్సీల అధ్యాయం మాత్రం రెండుసార్లు చదవండి.