రెండున్నర సెకన్ల అవధానం

2025 సెప్టెంబరు 28, ఆదివారం రాత్రి. ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో డాలస్ కౌబాయ్స్ 40, గ్రీన్ బే ప్యాకర్స్ 40. అదనపు సమయం కూడా అయిపోయింది. గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు. గుంటూరు నుంచి వచ్చి నెల కూడా కాని మా బావమరిది సోఫాలో వెనక్కి వాలి, "ఇంతసేపు కుమ్ముకుని చివరికి డ్రానా బావా?" అని నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండింది. అంతటితో ఊరుకున్నాడా? "అయినా ఆ నాలుగో నంబరోడు చేసేదేముంది? బాల్ అందుకోవడం, విసరడం. దానికి ఏడాదికి ఆరు కోట్ల డాలర్లా?"

ఆ నాలుగో నంబరోడు డాక్ ప్రెస్కాట్, మా జట్టు క్వార్టర్‌బ్యాక్. ఆ రాత్రి నాకు జవాబు చెప్పే ఓపిక లేదు. ఇప్పుడు చెబుతాను. డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉంటూ, పిల్లలు పట్టుబడితే టీవీ ముందు కూర్చుని, అర్థం కాక ఫోన్ చూసుకునే మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లక్కూడా ఇదే జవాబు.

అమెరికన్ ఫుట్‌బాల్ లెక్క చిన్నదే. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి, వెళ్లకపోతే బంతి అవతలివాళ్లది. ఒక్కో ప్రయత్నం నాలుగైదు సెకన్లలో ముగుస్తుంది. మధ్యలో అంతా ఖాళీగా నిలబడినట్టే కనబడుతుంది. మా బావమరిదికి విసుగు పుట్టించింది ఆ ఖాళీయే. క్వార్టర్‌బ్యాక్ పనిలో సగం జరిగేదీ ఆ ఖాళీలోనే.

గడియారంలో 40 సెకన్లుంటాయి. హెల్మెట్‌లో చిన్న స్పీకరు, అందులో కోచ్ గొంతు. 15 సెకన్లు మిగిలేసరికి ఆ గొంతు ఆగిపోతుంది. ఇక అతను ఒంటరి. చాంతాడంత పొడవున్న ప్లే (వేయబోయే ఎత్తు) పేరును సహచరులకు చెప్పి, లైను దగ్గరికి వచ్చి, ఎదురుగా ఉన్న 11 మందిని చదవడం మొదలుపెడతాడు. అందరికన్నా వెనక కాపలా కాసే సేఫ్టీలు ఇద్దరున్నారా, ఒక్కడేనా? ఇద్దరుంటే పొడవు పాస్ కష్టం, మధ్యలో పరుగుకు దారి ఉండవచ్చు. ఒక్కడే ఉంటే అంచుల వెంట ఆశ. "మైక్" ఎవడో వేలు పెట్టి చూపిస్తాడు. మైక్ అంటే మధ్యలో నిలబడే లైన్‌బ్యాకర్. వాడు ఎవడో తేలితే తన ముందున్న అయిదుగురు ఎవరెవర్ని అడ్డుకోవాలో తేలుతుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చే కిటుకు ఒకటుంది. పాస్ అందుకునే రిసీవర్‌ను ఒకణ్ణి ఈ చివర నుంచి ఆ చివరకు ఊరికే నడిపిస్తారు. వాడి వెంటే ప్రత్యర్థి ఒకడు పరిగెత్తాడా, మనిషికి మనిషి కాపలా అన్నమాట. ఎవరూ కదలకుండా ఒకరికొకరు సైగలు చేసుకున్నారా, చోటుకు కాపలా. బంతి కదలకముందే అవతలివాడి రహస్యం సగం బయటపడుతుంది. అవతలివాళ్లేమీ అమాయకులు కారు. ఇద్దరు సేఫ్టీలను చూపించి, బంతి కదిలిన క్షణాన ఒకణ్ణి కిందికి దించేస్తారు. చూసింది నిజమా, చూపించింది నిజమా అన్న అనుమానంతోనే ప్రతి ప్లే మొదలవుతుంది.

తర్వాత కూత. డాక్ కూత టీవీలో స్పష్టంగా వినబడుతుంది: "యా... హియర్ వి గో!" రెండో తరగతి పిల్లలు కూడా దాన్ని అనుకరిస్తారు మా వీధిలో. కబడ్డీలో కూత ఊపిరికి సాక్ష్యం. ఇక్కడి కూత జట్టంతా ఒకేసారి కదలడానికి సంకేతం, అవతలివాడికి వల కూడా. ఏ అరుపు మీద బంతి కదులుతుందో తనవాళ్లకే తెలుసు. గొంతు ఒక్కసారి పెంచి ఆపేస్తే, ఆత్రగాడు గీత దాటుతాడు. అయిదు గజాలు ఉచితంగా వస్తాయి.

బంతి చేతికి వచ్చాక మిగిలేది రెండున్నర సెకన్లు, మహా అయితే మూడు. అందరూ చేతిని చూస్తారు. కోచ్‌లు పాదాలను చూస్తారు. మూడడుగులు వెనక్కి వేస్తే ఒక పాస్, అయిదడుగులకు మరొకటి. ఆఖరి అడుగు నేలను తాకేసరికి మొదటి రిసీవర్ ఎక్కడ తిరగాలో అక్కడ తిరుగుతుండాలి. వాడు లేకపోతే చిన్న గెంతు, చూపు రెండోవాడి మీదికి. ఇంకో గెంతు, మూడోవాడు. బంతి చేయి వదిలే సమయానికి రిసీవర్ ఇంకా వెనక్కి తిరిగి కూడా ఉండడు. మనిషి లేని చోటికి విసురుతారు, మనిషి వస్తాడన్న నమ్మకంతో. ఆ నమ్మకం వేసవి ఎండలో వేలసార్లు సాధన చేస్తే వచ్చేది.

చూపుతో అబద్ధం చెప్పడం ఇంకో విద్య. సేఫ్టీ క్వార్టర్‌బ్యాక్ కళ్లనే చూస్తుంటాడు. ఎడమకు చూస్తే ఎడమకు జరుగుతాడు. అందుకని కుడివైపు విసరదలచినవాడు ముందు ఎడమకు చూసి, సేఫ్టీని రెండడుగులు అటు పంపి, అప్పుడు తిరుగుతాడు. ఈ లోపల 120 కిలోల మనుషులు ఇద్దరు చెరో పక్క నుంచి చుట్టుకుని మీదికి వస్తుంటారు. భయపడ్డవాడు వెనక్కి పరిగెత్తి వాళ్ల చేతుల్లోనే పడతాడు. నేర్చినవాడు ఒక్క అడుగు ముందుకు వేస్తాడు. చుట్టి వచ్చేవాళ్లు వెనకనుంచి దాటిపోతారు. ఏదీ కుదరకపోతే బంతిని ఎవరికీ దొరక్కుండా గీత బయటికి విసిరేయాలి. అది ఓటమిలా కనిపిస్తుంది గానీ, అదీ ఒక విద్యే.

మా నాన్నగారితో చిన్నప్పుడు అష్టావధానాలకు వెళ్లేవాణ్ణి. అవధాని ఒక పాదం చెప్పబోతుంటే నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ఆ అక్షరం వద్దంటాడు. ఎక్కడో గంట మోగుతుంది, లెక్క తప్పకూడదు. అప్రస్తుత ప్రసంగి వచ్చి మీ ఇంట్లో ఇవాళ ఏం కూర అని అడుగుతాడు. క్వార్టర్‌బ్యాక్‌ను అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన దగ్గరి దారి అదే. దక్కవలసిన చోటు మూసేసే సేఫ్టీ నిషిద్ధాక్షరి. గంట నెత్తిమీద గడియారంలో మోగుతూనే ఉంటుంది. అప్రస్తుత ప్రసంగి మాత్రం ఇక్కడ మాటలతో ఆపడు, పక్కటెముకల మీద వచ్చి పడతాడు.

ఈ విద్యకు డాలస్‌లో వంశవృక్షం ఉంది. మొదటి పేరు రోజర్ స్టాబాక్. నేవీ అకాడమీలో చదివి, 1963లో కాలేజీ ఆటకు అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ గెలిచినా, నౌకాదళంలో పనిచేయాలి కాబట్టి 1964 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతు) పదో రౌండు దాకా ఎవరూ తీసుకోలేదు. వియత్నాం వెళ్లివచ్చి 1969లో జట్టులో చేరేనాటికి 27 ఏళ్లు. కోచ్ టామ్ లాండ్రీ అప్పటికి మూలనపడ్డ షాట్‌గన్ పద్ధతిని 1975లో మళ్లీ తెచ్చింది ఈయన కోసమే. బంతి ఇచ్చే సెంటర్‌ను అంటిపెట్టుకుని కాకుండా కొన్ని గజాలు వెనక నిలబడటం, అంతే. వెనక్కి అడుగులు వేసే సమయం మిగులుతుంది, మైదానం ముందే కనబడుతుంది. అప్పట్లో వింతగా చూశారు. ఇవాళ ఏ మ్యాచ్ పెట్టినా అదే. ఆ ఏడాది డిసెంబరు 28న మినసోటాలో ఆఖరి నిమిషంలో స్టాబాక్ డ్రూ పియర్సన్‌కు 50 గజాల పాస్ విసిరి గెలిపించాడు. కళ్లు మూసుకుని మేరీమాతను తలచుకున్నానని తర్వాత విలేకరులతో అన్నాడు. అప్పటినుంచి ఆశ వదులుకుని విసిరే ఆఖరి పాస్‌కు "హెయిల్ మేరీ" అనే పేరు స్థిరపడిపోయింది.

అయితే ఇవాళ్టి అడుగుల లెక్క మా జట్టు సొత్తు కాదు, ఒప్పుకోవాలి. 1970 ప్రాంతంలో సిన్సినాటిలో బిల్ వాల్ష్ అనే సహాయ కోచ్‌కు చేతి బలం అంతగా లేని వర్జిల్ కార్టర్ దొరికాడు. పొడవుగా విసరలేనివాడితో పొట్టి పాస్‌లే లెక్క ప్రకారం విసిరించాడు. లేమిలో పుట్టిన ఆ పద్ధతే శాన్ ఫ్రాన్సిస్కోలో జో మోంటానా చేతిలో రాజ్యమేలింది. 1982 జనవరి 10న వాళ్ల రిసీవర్ డ్వైట్ క్లార్క్ గాల్లోకి ఎగిరి అందుకున్న ఆ క్యాచ్‌తో ఓడింది మా డాలసే. పాత అభిమానుల ముందు దాని ఊసెత్తకండి.

ట్రాయ్ ఐక్‌మన్ 1989 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా డాలస్‌కు వచ్చాడు. ఆ ఏడాది మొదలుపెట్టిన 11 మ్యాచ్‌లూ ఓడాడు. తర్వాత నాలుగేళ్ల వ్యవధిలో మూడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచాడు. ఆయన మొత్తం కెరీర్‌లో టచ్‌డౌన్ (గోల్ గీత దాటించిన) పాస్‌లు 165, ప్రత్యర్థికి దొరికినవి 141. ఇవాళ్టి కుర్రాళ్లు ఈ అంకెలు చూసి పెదవి విరుస్తారు. ఎమిట్ స్మిత్ పరుగు, మైకేల్ ఇర్విన్ చేతులు, గోడలాంటి లైన్, దాని వెనక గట్టి డిఫెన్స్ ఉన్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ అంకెలు పోగేసుకోనక్కర్లేదు. ఐక్‌మన్ చేసింది తప్పు చేయకుండా ఉండటం, సమయానికి విసరడం.

డాక్‌కు ముందు క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న టోనీ రోమోను 2003 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎన్నుకోలేదు. డాక్ 2016లో నాలుగో రౌండులో, 135వవాడుగా వచ్చాడు. ఆ ఆగస్టులో రోమో వెన్ను దెబ్బతింది. డాక్ అనుకోకుండా బరిలోకి దిగి జట్టును 13-3కు తీసుకెళ్లాడు. 2020 అక్టోబరులో చీలమండ విరిగి పక్కకు తిరిగిపోయింది. బండి మీద కన్నీళ్లతో బయటికి వెళ్తుంటే మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. 2022లో అయిదు మ్యాచ్‌లు ఆడకపోయినా 15 పాస్‌లు ప్రత్యర్థులకు ఇచ్చాడు, లీగ్‌లో అంతకన్నా ఎక్కువ ఇచ్చినవాడు లేడు. ఆ మరుసటి ఏడాది కోచ్ మైక్ మెకార్తీ ప్లేలు తానే పిలవడం మొదలుపెట్టి, పాదాలకూ రిసీవర్ల పరుగుకూ ముడి బిగించాడు. అదే మనిషి 36 టచ్‌డౌన్ పాస్‌లతో లీగ్‌లో మొదటివాడయ్యాడు, దొరికిపోయినవి తొమ్మిదే. చేయి మారలేదు, అడుగు మారింది.

అయినా 2024 జనవరిలో సొంత మైదానంలో గ్రీన్ బే చేతిలో 48-32తో ఓడారు. ఆ రోజు మొదటి సగంలోనే డాక్ రెండుసార్లు బంతి అప్పగించాడు, ఒకటి నేరుగా వాళ్ల టచ్‌డౌన్ అయింది. అది ఆయన తప్పే, నేను వెనకేసుకు రాను. కానీ అవతలివాళ్లు 48 పాయింట్లు చేయడం కూడా ఆయన తప్పేనా?

ఇప్పుడు ఆరు కోట్ల సంగతి. 2024 సెప్టెంబరులో నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. సగటున ఏడాదికి అంత జీతం అప్పటిదాకా ఈ లీగ్‌లో ఎవరికీ లేదు. 2025లో ఒక జట్టు ఆటగాళ్లందరి మీద ఖర్చు పెట్టగలిగే గరిష్ఠ పరిమితి 27.92 కోట్లు. లెక్కల మాయతో కొంత భారాన్ని ముందు సంవత్సరాలకు తోస్తారు గానీ, అప్పు అప్పే. ఒకడి కంచంలో అంత వడ్డిస్తే మిగతా 52 మందికి మిగిలేది తక్కువ. ఆ ఆగస్టు 28న మా డిఫెన్స్‌కు ప్రాణంలాంటి మైకా పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేశారు. బదులుగా రెండు మొదటి రౌండు పిక్‌లు, డిఫెన్స్ ఆటగాడు కెన్నీ క్లార్క్ వచ్చారు. సరిగ్గా నెలకు ఆ 40-40 రాత్రి. అదనపు సమయంలో గోల్ గీత ముందు పరిగెడుతున్న డాక్‌ను పడగొట్టింది ఎవరనుకున్నారు? పార్సన్సే. టచ్‌డౌన్ కావలసిన చోట మూడు పాయింట్లతో సరిపెట్టుకున్నాం. వాళ్లు ఆఖరి క్షణంలో సమం చేశారు.

ఆ సీజన్‌లో డాలస్ 7 గెలిచి, 9 ఓడి, ఒకటి సమం చేసి ప్లేఆఫ్స్‌కు దూరంగా ఉండిపోయింది. జార్జ్ పికెన్స్, సీడీ లాంబ్ లాంటి రిసీవర్లతో పాయింట్లకు కరువు లేదు, వాటిని కాపాడేవాళ్లకే కరువు. నవంబరులో డిఫెన్స్ కోసం క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చుకోవడం మంచి పని, కానీ ఒక్క స్తంభంతో ఇల్లు నిలవదు. 1996 జనవరి 28న పిట్స్‌బర్గ్‌ను 27-17తో ఓడించాక ఈ జట్టు సూపర్ బౌల్ మొహం చూడలేదు. అప్పుడు పుట్టినవాళ్లు ఇప్పుడు పిల్లల్ని ఎత్తుకుని స్టేడియానికి వస్తున్నారు.

నా తీర్పు అడిగితే, క్వార్టర్‌బ్యాక్‌ను మార్చమనే గోల వట్టిది. ఇంకో అవధానిని వెతకడానికి పదేళ్లు పడుతుంది, దొరుకుతాడన్న హామీ కూడా లేదు. ఉన్న డబ్బూ పిక్‌లూ ముందు డిఫెన్స్ మీద పెట్టాలి. మీరు కూడా ఈసారి టీవీ ముందు కూర్చుంటే బంతిని కాసేపు వదిలేసి, అది కదలకముందు సేఫ్టీలు ఎందరున్నారో లెక్కపెట్టండి. డాక్‌కు 2026 జూలైలో 33 నిండుతాయి, వయసైపోయిందని మా బావమరిది అప్పుడే మొదలుపెట్టాడు. రెండో సూపర్ బౌల్ గెలిచిన రోజున రోజర్ స్టాబాక్‌కు 35 ఏళ్లు.