కోత గీత ఎక్కడ?

దవడలో మెల్లగా పెరిగే కణితి చాలాకాలం నొప్పి పెట్టదు. నొప్పి లేని వాపు కోసం పనులు మానుకుని ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కో, కరీంనగర్‌కో బస్సెక్కేదెవరు? పన్ను కదిలాకో, ముఖం ఒకవైపు ఉబ్బాకో వస్తారు.

నేర్పరి డాక్టర్ ముందు వేలితోనే చదువుతాడు. నొక్కితే సన్నబడ్డ ఎముక చిటపటమంటుంది. దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో చిన్నా పెద్దా నల్లని గదులు కనిపిస్తాయి. అంతటితో కత్తి పట్టడు, సూది గుచ్చి లాగి చూస్తాడు. పసుపుపచ్చని నీరొస్తే ఒక దారి, చిక్కటి తెల్లని ముద్ద వస్తే మరో అనుమానం. నెత్తురు జోరుగా వచ్చిందా, అక్కడితో ఆగాలి, అది రక్తనాళాల గడ్డ కావచ్చు. ఆ భయం లేదని తేలాకే ముక్క తీసి బయాప్సీకి పంపడం. ఈ పనంతటిలో నాకు మిక్కిలి నచ్చేది ఆ సూది దగ్గరి జాగ్రత్తే.

2019లో చెన్నై సవీత దంత కళాశాలలో ఏడేళ్ల బాలుడి దవడలోంచి 526 పళ్లు తీశారు. మనం నోరెళ్లబెట్టాం గానీ, అది ఓడొంటోమా, హాని చేయని గడ్డ. సంచితో సహా తీసేస్తే దాదాపు తిరిగి రాదు. అమెలోబ్లాస్టోమా అనే దవడ కణితి అలా కాదు. క్యాన్సర్ కాకపోయినా దాని కణాలు ఎక్స్‌రేలో కనిపించే అంచు దాటి ఎముక గుజ్జులోకి పాకుతాయి. జాలిపడి గోకి వదిలేస్తే చాలాసార్లు మళ్లీ పెరుగుతుంది. అందుకే పెద్దవాటికి ఆ అంచు నుంచి మరో సెంటీమీటరో రెండో అవతల కోత గీత గీస్తారు. కనబడని అంచును లెక్కగట్టడమే అసలు విద్య.

కోయకముందే దవడ నమూనా మీద టైటానియం పట్టీని వంచి సిద్ధం చేసుకుంటారు. కింది పళ్లనూ పై పళ్లనూ తీగలతో కట్టి, కొరుకు సరిచూసుకున్నాకే పట్టీ బిగిస్తారు. లేకపోతే ముఖం వంకర పోతుంది, నమలడం పోతుంది.

పోయిన ఎముక స్థానంలోకి పిక్కలోని సన్న ఎముక, ఫిబులా, వస్తుంది. 1989లో న్యూయార్క్ సర్జన్ హిడాల్గో దవడకు వాడి చూపిన పద్ధతి ఇది. చీలమండ నిలబడేలా కింద ఆరేడు సెంటీమీటర్లు వదిలి, మిగతాది రక్తనాళాలతో సహా తెస్తారు. దవడ వంపు కోసం చీలికలుగా కోసి మడుస్తారు. రెండు మిల్లీమీటర్ల నాళాలను మెడలోని నాళాలకు మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. కరీంనగర్ వెండి తీగపని చూసినవారికి ఆ ఓపిక అంతుపడుతుంది. అయితే ఇక్కడ తీగలో నెత్తురు పారాలి.

కోతలో దవడలోని నరం కూడా పోతే కింది పెదవి మొద్దుబారుతుంది. ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి. కట్టుడు పళ్ల మాట ఆ తర్వాత. పదేళ్లు దాటాక కూడా అమెలోబ్లాస్టోమా తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి కనుక, వాపు తగ్గిందని ఊరుకోకుండా ఏళ్ల తరబడి ఎక్స్‌రేకు రావాల్సిందే.