ఆదివారం మూతపడే ఊరు

విదేశంలో చదువుకునే పిల్లల్ని మనవాళ్లు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి. చదువెలా సాగుతోంది? ఉద్యోగం దొరికేలా ఉందా? నెలకి ఎంత మిగులుతోంది? ఆదివారం ఏం చేశావని మాత్రం ఎవరూ అడగరు. ఆ అడగని ప్రశ్నకి జవాబు రాయాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

జర్మనీ నైరుతి మూలన, బ్లాక్ ఫారెస్ట్ కొండలు మొదలయ్యే చోట ఫ్రైబుర్గ్ ఉంది. అక్కడి విశ్వవిద్యాలయం 1457లో పుట్టింది. హైదరాబాద్ నుంచి ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా వెళ్లి, ఒక వేసవి సెమిస్టర్ అక్కడ ఉన్నాను. వెళ్లిన కొత్తలో నాకు అన్నిటికంటే వింతగా తోచింది తరగతి గది కాదు, ఆదివారం. సూపర్ మార్కెట్టు మూత. బట్టల కొట్టు మూత. పుస్తకాల కొట్టు మూత. విద్యార్థుల భోజనశాల మెన్సా కూడా మూతే. రైల్వే స్టేషన్లో ఒకటో రెండో కొట్లు, పెట్రోలు బంకులు, పొద్దున కాసేపు బేకరీలు, ఆపైన హోటళ్లు, కాఫీ షాపులు. అంతే.

ఇది వట్టి అలవాటు కాదు, రాజ్యాంగంలో ఉన్న మాట. ఆదివారం పని మానుకుని సేదతీరడానికీ, మనసు ఉన్నతమవడానికీ ఉద్దేశించిన రోజనీ, దాన్ని చట్టం కాపాడాలనీ 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణం చెప్పింది. 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు 140వ అధికరణం ద్వారా ఆ నిబంధనను అలాగే నిలుపుకున్నారు. క్రిస్మస్ ముందొచ్చే నాలుగు ఆదివారాలూ వరసగా దుకాణాలు తెరవచ్చని బెర్లిన్‌లో చట్టం చేస్తే చర్చిలు దాని మీద కోర్టుకెక్కాయి. 2009 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం చర్చిల వైపే తీర్పిచ్చింది. కొనుక్కోవడానికి ఏమీ లేని ఒక రోజు కోసం ఒక దేశం అంత గట్టిగా నిలబడటం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

ఎందుకంటే ఒక్కరే ఖాళీగా కూర్చుంటే మనసు పీకుతూనే ఉంటుంది. పక్కింటివాళ్లు ఏదో సాధించేస్తున్నట్టు, మనం వెనకబడిపోతున్నట్టు. ఊరు ఊరంతా ఒకేసారి కూర్చుంటే ఆ పీకులాట ఉండదు. మన ఇళ్లల్లో ఆదివారం అంటే వారమంతా వాయిదా పడ్డ పనులన్నీ మీద పడే రోజు. పిల్లలకి కోచింగ్ పరీక్ష, పెద్దలకి సంతలో కూరగాయలు, ఆడవాళ్లకి మిగతా రోజులకంటే రెట్టింపు వంట. ఫ్రైబుర్గ్‌లో ఆ రోజు వాక్యూమ్ క్లీనర్ చప్పుడు కూడా వినపడనివ్వరు. ఖాళీ గాజు సీసాలు వీధి డబ్బాలో వేయకూడదు, పగిలే చప్పుడు పక్కవాళ్లకి ఇబ్బందని.

అలాంటి ఆదివారం కోసం శనివారమే సిద్ధపడాలి. సాయంత్రం సూపర్ మార్కెట్టులో ఊరంతా కనిపిస్తుంది. తాగేసిన ప్లాస్టిక్ సీసాలు సంచిలో తెచ్చి మిషన్లో వేస్తే సీసాకి 25 సెంట్ల చొప్పున డిపాజిట్టు తిరిగొస్తుంది. ఆ చీటీ బిల్లులో కలుపుకుని బంగాళదుంపలు, గుడ్లు, పాలు, ఉల్లికాడలు కొనేదాన్ని. రవ్వ కూడా. అక్కడ దాన్ని గ్రీస్ అంటారు, పాలల్లో ఉడికించి పిల్లలకి పెడతారు. మన బొంబాయి రవ్వకంటే సన్నం. నేతిలో ఓపిగ్గా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, నీళ్లు కాస్త తగ్గించి పోస్తే చక్కటి ఉప్మా అవుతుంది. ఆవాలూ మినప్పప్పూ ఆసియా సరుకుల కొట్లో దొరికేవి. కరివేపాకు మాత్రం అమ్మ ఎండబెట్టి ఇచ్చింది.

మా హాస్టల్ సీపార్క్ అనే తోటని ఆనుకుని ఉంది. 1986లో అక్కడ పెద్ద ఉద్యాన ప్రదర్శన జరిగింది, ఆ తోట దాని కోసం తీర్చిదిద్దిందే. మధ్యలో ఉన్న చెరువు ఒకప్పుడు కంకర తవ్విన గొయ్యి. ఒక అంతస్తులో ఉండేవాళ్లందరికీ కలిపి ఒకే వంటగది. స్పెయిన్ అమ్మాయి, టర్కీ అబ్బాయి, ఇద్దరు జర్మన్లు, నేను. ఆదివారం ఎవరు ముందు లేస్తే వాళ్లు బేకరీకి వెళ్లి వేడివేడి బన్నులు తేవాలి. పైకి కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటాయవి. వెన్న, జాము, చీజు, ఉడికించిన గుడ్లు, నా ఉప్మా, టర్కీ అబ్బాయి ఆలివ్ కాయలు బల్ల నిండా పరిచేవాళ్లం. పదింటికి కూర్చుంటే పన్నెండున్నరకి కూడా ఎవరూ లేచేవాళ్లు కాదు. గుడ్డు పెంకుని చెంచాతో కొట్టి తెరిచే పద్ధతి మీద ఒక జర్మన్ కుర్రాడు ఎంతసేపు మాట్లాడాడో! నాకు వచ్చిన జర్మన్ భాషలో సగం ఆ బల్ల దగ్గర వచ్చిందే. తరగతిలో మాట తడబడితే టైము పోతుందనే బెంగ. ఇక్కడ టైము పోవడమే కావాలి.

మధ్యాహ్నం వంట ఏ రుతువులో ఏం దొరికితే అది. ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా అక్కడ తెల్ల ఆస్పరాగస్ కాలం. ష్పార్గెల్ అంటారు. ఎండ తగిలితే రంగు మారుతుందని మట్టి కట్టల కిందే పెంచుతారు. ఊరి పక్కన టూనిబెర్గ్ గట్ల మీద తోటలున్నాయి. పొట్టు తీసి, వెన్న వేసిన నీళ్లలో ఉడికించి, క్రాట్సెటె అనే అట్టుముక్కలతో తింటారు. పెనం మీద మందంగా పోసిన గుడ్ల అట్టుని అక్కడే గరిటెతో చిన్నచిన్న ముక్కలుగా చీల్చేయడమే క్రాట్సెటె. కానీ నా ఓటు ఆ ప్రాంతపు బీదల తిండికే. ఉడికించిన బంగాళదుంపల్ని చక్రాలుగా కోసి, అంచులు ఎర్రబడేదాకా వేయిస్తే బ్రేగెలె. దాని పక్కన బిబెలెస్‌కేస్, అంటే నీరు తీసేసిన గట్టి పెరుగులాంటి క్వార్క్‌లో ఉల్లిపాయ, ఉల్లికాడలు, ఉప్పు, మిరియాలు. తాలింపు ఒక్కటే తక్కువ, లేకపోతే అది మన పెరుగు పచ్చడే. మొదటి ముద్దకే నాకు ఆ ఊరితో చుట్టరికం కలిసింది.

తిన్నాక నడక. ఎక్కడికీ చేరాల్సిన పనిలేని నడక. ట్రాములో ఊళ్లోకి వెళ్లి, వీధి వెంట పారే బెష్లెల పక్కన నడిచేవాళ్లం. డ్రైజామ్ ఏటి నుంచి మళ్లించిన నీళ్లు మూరెడు వెడల్పు కాలువల్లో పాత ఊరంతా తిరుగుతాయి. ఒకప్పుడు నిప్పంటుకుంటే ఆర్పడానికీ, పశువులకీ వాడుకున్న నీళ్లివి. ఇప్పుడు పిల్లలు తాడు కట్టిన చెక్క పడవల్ని వాటిలో లాక్కుపోతుంటారు. పొరపాటున కాలువలో కాలు పడితే ఆ ఊరివాళ్లనే పెళ్లాడతారని ఒక నమ్మకం. స్పెయిన్ అమ్మాయి ఎండ పేరు చెప్పి రెండు కాళ్లూ పెట్టుకునే కూర్చునేది.

ఫ్రాన్సిస్కానర్ వీధిలో తిమింగలం పేరున్న ఒక ఎర్రటి ఇల్లుంది. 1529లో బాజెల్ నగరం ప్రొటెస్టెంట్ మతంలోకి మారిపోతే, అక్కడినుంచి వచ్చేసిన ఎరాస్మస్ కొంతకాలం ఆ ఇంట్లో ఉన్నాడు. మొత్తం మీద ఫ్రైబుర్గ్‌లో 1535 దాకా గడిపాడు. ఊరూరా తిరిగి చదివి, రాసి బతికిన ఆ పండితుడి పేరే 1987లో యూరప్ తన విద్యార్థి మార్పిడి పథకానికి పెట్టుకుంది. నాలాంటి వాళ్ల రాకపోకలకి గుర్తయిన పేరు ఒక ఆదివారం నడకలో గోడ మీద కనిపించింది. గైడు పుస్తకం పట్టుకుని వెతుక్కుంటూ పోయి ఉంటే అంతసేపు ఆ ఇంటి ముందు నిలబడేదాన్ని కాదు.

ఎక్స్ఛేంజ్ పిల్లల్లో చాలామంది శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం పారిస్, ఆదివారం బ్రసెల్స్ చూసొచ్చేవాళ్లు. వీసా ఉన్నప్పుడే అన్నీ చూసేయాలన్న ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ నేను వాళ్లతో ఏకీభవించను. ఐదు నెలలు ఒక ఊళ్లో ఉండే అవకాశం పర్యాటకుడికి ఎంత డబ్బు పెట్టినా దొరకదు. ఒకే ష్లోస్‌బెర్గ్ కొండని మే నెల లేత ఆకుల్లోనూ జులై ఎండలోనూ ఎక్కడం, పైన కనోనెన్‌ప్లాట్జ్ అరుగు మీద కూర్చుని 116 మీటర్ల చర్చి గోపురం మీద పొద్దు వాలడం చూడటం, 1944 నవంబరు బాంబుదాడిలో చుట్టూ చాలా ఇళ్లు కూలినా ఆ గోపురం నిలిచిందని పక్కనే కూర్చున్న ముసలాయన నోట వినడం, ఇవి ఊరు తనంతట తాను ఇవ్వాలి. తీరిక లేనివాళ్లకి ఇవ్వదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసేది.

"ఇయ్యాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"ఆలుగడ్డలు, పెరుగు."

"ఎటన్న పోయినవా?"

"ఎటు పోలే అమ్మా. గుట్ట మీద కూసున్నం."

అమ్మ కాసేపు ఆగి, "మంచిగుందా?" అనేది. మంచిగుందనేదాన్ని. వారాలు గడిచేకొద్దీ చదువు సంగతికంటే ముందు గుట్ట సంగతే అడగడం మొదలుపెట్టింది.

ఈ తీరిక అందరికీ రాదు, అది చెప్పకపోతే ఈ మాటలన్నీ అబద్ధమవుతాయి. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కి 1500 యూరోల ఫీజు కట్టాలి. ఒప్పందం మీద వచ్చే ఎక్స్ఛేంజ్ విద్యార్థులకి ఆ ఫీజు లేదు. నేను ఆ రెండో వరసలో ఉన్నాను. అదే హాస్టల్లో, రెండంతస్తుల పైన గుంటూరు వైపు అక్క ఒకామె మాస్టర్స్ చదివేది. బ్యాంకు అప్పు, ఇంట్లో చెల్లెలి పెళ్లి. వారమంతా లేబొరేటరీ, ఆదివారం ఒక హోటల్ వంటగదిలో గిన్నెలు. ఊరంతా సేదతీరే రోజున ఎవరో ఒకరు వండాలి, కడగాలి, ట్రాము నడపాలి, ఆస్పత్రిలో మంచాల పక్కన నిలబడాలి. రాజ్యాంగం కాపాడిన ఆ రోజు ఆమె దాకా రాలేదు. మన తెలుగు పిల్లల్లో ఎక్కువమంది విదేశంలో గడిపే ఆదివారం నాది కాదు, ఆమెదే. అప్పు తీర్చడం మొదలుపెట్టకముందే అలిసిపోతున్నారు వాళ్లు. వాళ్లని ఫోన్లో ఎంత మిగిలిందని అడిగేటప్పుడు, ఈ వారం ఒక్క పూటైనా ఖాళీగా కూర్చున్నావా అని కూడా అడగమని ఇంటివాళ్లని బతిమాలుకుంటున్నాను.

ఆదివారం రాత్రి 8:15కి జర్మన్ టీవీలో టాటోర్ట్ అనే నేరపరిశోధన కథ వస్తుంది. 1970 నుంచీ నడుస్తోంది. మా వంటగదిలో లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, హంతకుడెవరో పందేలు కాసుకుంటూ చూసేవాళ్లం. ఒకరోజు సినిమా సగంలో అక్క వచ్చింది. చేతులు సబ్బునీళ్లకి ముడతలుపడి ఉన్నాయి. మిగిలిన బ్రేగెలె వేడిచేసి, బిబెలెస్‌కేస్‌లో ఆవాలూ ఎండుమిర్చీ తాలింపు వేసి ఇచ్చాను. నిలబడే సగం తినేసింది.

"వచ్చే ఆదివారం నాకు షిఫ్టు లేదు. ఎక్కడికన్నా తీసుకెళ్తావా? ట్రెయిన్లో స్ట్రాస్‌బుర్గ్ దగ్గరేనంటగా."

"ఎక్కడికీ వద్దక్కా. పొద్దున బన్నులు నేను తెస్తాను, నువ్వు లేచినప్పుడే లే. తర్వాత సీపార్క్‌లో పడుకుందాం."

"అంతేనా?"

"అంతే. బంగాళదుంపలు మాత్రం శనివారమే కొనిపెట్టు."