మామ్మగారి మోటుమాట

గోదావరిఖనిలో మా పక్క క్వార్టరుకు బందరు నుంచి ఒక మామ్మగారు వచ్చారు. వచ్చిన రోజే "కక్కసు ఎటువైపమ్మా?" అని అడిగితే మా పిల్లలు కిసుక్కుమన్నారు. పాయఖానా అనో, లెట్రిన్ అనో అనడం మా అలవాటు. మోటుమాటని నేనూ ముఖం చిట్లించాను.

తీరా చూస్తే అది డచ్చివాళ్ల మాట! "కక్" అంటే మలం, "హౌయిస్" అంటే ఇల్లు. 17వ శతాబ్దంలో బట్టల వర్తకానికి బందరులో దిగి, మన ఖమ్మం జిల్లా నాగులవంచ దాకా వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్లేలిన ఇండోనేషియాలో ఇదే మాట "కకుస్", తమిళంలో "కక్కూసు".

మరి పాయఖానా? పారసీకంలో కాళ్ల గది! లెట్రిన్‌కు లాటిన్ మూలం కడుక్కునే చోటు. బాత్రూం సంగతి సరేసరి. అన్నీ ముసుగేసుకున్నవే. ఉన్నదున్నట్టు చెప్పిన పాపానికి కక్కసు ఒక్కటే మోటైంది.

మన కథల్లోనూ ఇదే వరస. వంటింటి పోపు, పెరటి మల్లెలు పేజీలకు పేజీలు. కథానాయిక చెంబు పట్టుకుని చీకటితోనే బయటికి వెళ్లిన కథ ఎన్ని చదివారో మీరే చెప్పండి. ఆ గది కడిగే మనిషైతే కథ గడపే తొక్కదు.

2017లో దివ్యభారతి, మలం ఎత్తే పనివాళ్ల మీద తీసిన తమిళ డాక్యుమెంటరీకి "కక్కూస్" అనే పేరు పెట్టింది. 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం వద్దన్నా ఆగని పని అది. దానికి మర్యాదైన పేరు పెడితే అబద్ధమయ్యేది.

మా పిల్లలకిప్పుడు ఆ మాట అలవాటైంది. చుట్టాలొచ్చినప్పుడు మావారే దగ్గుతారు.